మైలురాయి చుట్టూ పదడుగులు

నేను ఒక మైలురాయిని. చెప్పులు విప్పకండి, అక్కర్లేదు. ఆ కొబ్బరికాయ ఇంటికి పట్టుకెళ్ళి పచ్చడి చేసుకోండి. మీకు కనిపిస్తున్న ఈ పసుపు, వెండి కళ్ళు, ముక్కుపుడక, ఎర్రంచు చీర, ఇవేవీ నావి కావు. వేరేవాళ్ళు తగిలించినవి. నేను ఆడో మగో ఎవరూ అడగలేదు, నాకూ తెలియదు. పన్నెండేళ్ళుగా మాత్రం నేను శ్రీ బాటమ్మ తల్లిని. అంతకుముందు తొంభై ఏళ్ళు ఉట్టి రాయిని. ఆ తొంభై ఏళ్ళలో ఒక్కళ్ళని కూడా మోసం చెయ్యలేదు.

దొరల కాలంలో గోదావరి పక్కన ఒక కొండ నుంచి నన్ను పగలగొట్టి తీశారు. చెక్కినవాడి పేరు గంగులు. వాడికి అక్షరం ముక్క రాదు. దొరగారి గుమస్తా సుద్దతో గీసిపెడితే ఆ గీతల మీదే ఉలి నడిపాడు. పని పూర్తయ్యాక నా నెత్తి మీద కూర్చుని తీరిగ్గా చుట్ట కాల్చుకుని, బండిలోకి ఎత్తించి, ఇంక నా వంక చూడకుండా వెళ్ళిపోయాడు. పెద్ద ఊరికి మూడు మైళ్ళు అని నా మీద రాసుంది. ఆ ఊరి పేరు ఇక్కడ చెప్పను. గుడి కమిటీ వాళ్ళు ఊరి పేరు చెడగొట్టానని కేసు పెట్టే రకం.

నన్ను పాతిన చోటు నర్సాయిపేట. అప్పట్లో రోడ్డంటే ఎడ్లబండి చక్రాల గాడి, దానికి రెండువైపులా చింతచెట్లు. ముందుగా పడమటి పక్కన రైసుమిల్లు వచ్చింది. దాని కూత విని పేటంతా పొయ్యి వెలిగించేది. మిల్లు వెనకే టాకీసు వచ్చింది. నేను ఒక్క సినిమా చూసినవాణ్ణి కాను గానీ ముప్ఫై ఏళ్ళ సినిమాలన్నీ గోడ ఇవతలి నుంచే విన్నాను. ఏడుపులు, కత్తియుద్ధాలు, ఇంటర్వెల్లో సోడా గోళీల చప్పుడు, అన్నీ కంఠతా వచ్చు. తర్వాత గ్రంథాలయం, బడి, సైకిలు షాపు వచ్చాయి. తూర్పు పక్కన, అంటే నా వరసలో, కొట్లు మొదలయ్యాయి. బట్టల కొట్టు, మందుల కొట్టు, ఇత్తడి సామాన్ల కొట్టు. టాకీసు కాస్తా కల్యాణమండపం అయింది, అదీ పోయి నాలుగంతస్తుల షాపింగ్ మాల్ వచ్చింది. పెద్ద ఊరు మూడు మైళ్ళూ నడిచొచ్చి నర్సాయిపేటను మింగేసింది. ఇప్పుడు దీన్ని మెయిన్ రోడ్డు అంటారు.

మధ్యలో ఒకరోజు గవర్నమెంటు మైళ్ళు రద్దు చేసి కిలోమీటర్లు పెట్టింది. నా ఉద్యోగం పోయింది. ఎవరూ వచ్చి చెప్పలేదు, ఒక దండ వెయ్యలేదు, రిటైరైన అటెండరుకైనా ఒక శాలువా కప్పుతారు కదా! నాకు అవతల పదిగజాల దూరంలో సిమెంటుతో చేసిన పసుపుపచ్చ కిలోమీటరు రాయిని పాతి పోయారు. అది మూడేళ్ళకే లారీ గుద్ది ముక్కలైంది. నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది. నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాను. బస్సు కండక్టర్లు "మైలురాయి సెంటర్, మైలురాయి సెంటర్, దిగేవాళ్ళు దిగండి" అని అరిచేవారు. పనికిరాని రాయి పేరు మీదే ఉత్తరాలొచ్చాయి, పెళ్ళి శుభలేఖలు అచ్చయ్యాయి. అది చాలనుకున్నాను. పిచ్చిముండావాణ్ణి, ఈ రోడ్డు నాదనుకున్నాను.

మనుషులు నా మీద చెయ్యని పని లేదు. కూర్చున్నారు, కాలు పెట్టి చెప్పు పట్టీ కట్టుకున్నారు, మూలశంకకు మందు పోస్టర్లు అంటించారు. ఎన్నికలప్పుడు ఒకడు ఎర్ర రంగు వేస్తే తెల్లారేసరికి ఇంకొకడు పచ్చ రంగు వేశాడు. ఇక కుక్కల సంగతి నేను చెప్పను. ఇన్నిటి మధ్యా నన్ను కడిగిన మనిషి ఒక్కతే, నూకరత్నం.

నూకరత్నం నా పక్కనే పాక వేసుకుని టిఫిన్లు అమ్మేది. పాకకీ నాకూ మధ్య మూడడుగులుంటుంది, అంతే. మొగుడు మిల్లులో బస్తాలు మోసేవాడు, మిల్లు మూతపడ్డ ఏడాదే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఒక్కతే కూతురు, అప్పట్లో నర్సు ట్రైనింగు చదువుతోంది. ఆ చదువు, ఆ ఇల్లు, అన్నీ ఆ పాకలోంచే. పొద్దున్నే పొయ్యి వెలిగించి, మొదటి చెంబు నీళ్ళు నా మీద పోసి చీపురుతో రుద్దేది. భక్తి కాదు. టిఫిను తినేవాళ్ళు నా మీద కూర్చుంటారని.

"నీ మొహానికి నీళ్ళు పోసే దిక్కు నేనొక్కదాన్నే. గుర్తెట్టుకో" అనేది.

గుర్తు పెట్టుకున్నాను.

ఆవిడ చెయ్యి చూడాలి మీరు. పొయ్యి మీద పొగలు కక్కే ఇడ్లీపాత్రలోంచి పళ్ళాలు వట్టి చేత్తో తీసేది. గుడ్డ లేదు, పటకారు లేదు. "కాలదా నూకరత్నం?" అంటే, "అలవాటైపోయిందండీ, కాలేది పొట్టేగానీ చెయ్యి కాదు" అని నవ్వేది. ఆ ఇడ్లీలు రోజూ తినేవాళ్ళలో ఇత్తడి సామాన్ల కొట్టు గున్నేశ్వరరావు గారు ఒకరు. వర్తక సంఘం ప్రెసిడెంటు. తెల్ల పంచె, చేతికి మూడు ఉంగరాలు. ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి, ఆ నెయ్యి ఆయన ఇంటి నుంచే సీసాలో వచ్చేది. మా వరసలో పాకకు వెనకాలే ఆయన కొట్టు.

పన్నెండేళ్ళ క్రితం రోడ్డు వెడల్పు చేస్తామని కబురొచ్చింది. సర్వేవాళ్ళు గొలుసు పట్టుకుని కొలిచి తూర్పు వరస కొట్ల గోడల మీద ఎర్రరంగుతో గీతలు గీశారు. పడమట బడీ గ్రంథాలయం ఉన్నాయి కాబట్టి ఇటే కొట్టాలన్నారు. గీతకు ఇవతల ఉన్నదంతా పోతుంది. గున్నేశ్వరరావు గారి కొట్టు సగం, బట్టల కొట్టు మెట్లు, మందుల కొట్టు ముందుభాగం. నూకరత్నం పాక మొత్తం. నేనూ పోతాను.

వర్తకులు అర్జీలు పెట్టారు, ఎమ్మెల్యే గారి ఇంటి చుట్టూ తిరిగారు. పని జరగలేదు. అప్పుడొక మధ్యాహ్నం గున్నేశ్వరరావు గారు తన కొట్టు అరుగు మీద నలుగురు వర్తకుల్ని కూర్చోబెట్టి, నూకరత్నాన్ని పిలిచారు. ఆ అరుగు నాకు ఎంత దూరమని! ప్రతి మాటా విన్నాను.

"గవర్నమెంటు కొట్టుని పడగొడుతుంది, ఇంటిని పడగొడుతుంది. గుడి జోలికి మాత్రం రాదు" అన్నారాయన. "ఈ రాయికి పసుపు రాద్దాం. శుక్రవారం పొక్లెయిను వస్తుంది కదా, అప్పుడు అమ్మవారు నీ మీదకి రావాలి నూకరత్నం."

నూకరత్నం మొహం తెల్లబోయింది. "అదేంటండీ బాబూ! నాకెప్పుడూ పూనకం రాలేదండీ. దొంగపూనకం ఆడితే అమ్మ ఊరుకుంటుందాండీ?"

"నీ పాక నిలబెట్టుకోడానికి ఆడుతున్నావు. పొట్ట కోసం ఆడితే కన్నతల్లి ఊరుకుంటుంది, అమ్మవారు ఊరుకోదా? నేను చెప్పినట్టు చెప్పు. ఇది నా చోటు. నా చుట్టూ పదడుగులు నాది. ఎవడడుగు పెట్టినా ఊరుకోను. అంతే."

"పదడుగులెందుకండీ?"

"పొక్లెయిను చెయ్యి అంతదూరం సాగుతుందమ్మా. అందుకు."

"మరి నా పాకండీ? అది మూడడుగుల్లోనే ఉంది కదండీ."

"పిచ్చిదానా, నీ పాక ఎక్కడికి పోతుంది? గుడి లేచాక పక్కనే కొబ్బరికాయల కొట్టు కూడా నీదే. ఇదిగో వీళ్ళంతా సాక్షి." నలుగురూ తలలూపారు. బట్టల కొట్టాయన గట్టిగా ఊపాడు.

శుక్రవారం పొద్దున్నే నూకరత్నం నా మీద నీళ్ళు పోసింది. ఆ రోజు తిట్టలేదు. "తప్పయితే నన్ను కాదు, నా పొట్టనడుగు" అని మెల్లగా చెప్పి, తన చేత్తోనే నాకు పసుపు రాసింది. గున్నేశ్వరరావు గారు వెండి కళ్ళు తెచ్చి తేనెమైనంతో అతికించారు. పది గంటలకు ఇంజనీరు గారు, పొక్లెయిను, ఇద్దరు పోలీసులు వచ్చారు. పొక్లెయిను చెయ్యి లేచింది. ఒక్క కేక!

నాకే ఒళ్ళు జలదరించింది. జుట్టు విరబోసుకుని, వేపమండ పట్టుకుని, నా ముందు ఊగిపోతూ, నేర్పిన మాటలు నేర్పినట్టే చెప్పింది. "నా చుట్టూ పదడుగులు నాదిరా! అడుగెట్టావంటే ఊరుకోను!" డ్రైవరు దిగి దణ్ణం పెట్టేశాడు. పోలీసులు టోపీలు తీశారు. ఇంజనీరు గారు చదువుకున్నాయనే, నమ్మాడో లేదో తెలియదు గానీ, జనం మొహాలు చూసి ఫోను తీసుకుని పక్కకెళ్ళాడు. పది రోజుల్లో కాగితం మీద గీత పడమటికి జరిగింది. గ్రంథాలయం వరండా పోయింది, బడి గోడ పోయింది, జిలానీ సాయిబు గారి సైకిలు షాపు సగం పోయింది. సాయిబు గారు పడిపోయిన గోడ ముందు స్టూలు వేసుకుని, ఎవరినీ ఏమీ అనకుండా సాయంత్రం దాకా పంక్చర్లు వేస్తూ కూర్చున్నాడు.

తూర్పు వరసలో స్వీట్లు పంచుకున్నారు. నాకూ ఒక లడ్డు పెట్టారు. సిగ్గు లేకుండా నిజం చెప్పేస్తాను, నాకు సంతోషం వేసింది. తొంభై ఏళ్ళు కుక్కలతో వేగినవాణ్ణి, ఒక్కసారి హారతి పడితే ఎలా ఉంటుందో మీకేం తెలుసు?

నాలుగు నెలల్లో శ్లాబు పోసి గుడి కట్టేశారు. కట్టేటప్పుడు మేస్త్రీ తాడు తెచ్చి నా నడుం నుంచి పదడుగులు కొలిచాడు. తాడు నూకరత్నం పాక మీదుగా, పొయ్యి మీదుగా వెళ్ళి అవతల ఆగింది. నూకరత్నం పళ్ళెం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ప్రెసిడెంటు గారండీ, తాడు ఇటొచ్చిందేంటండీ?"

గున్నేశ్వరరావు గారు చేతులు జోడించారు. ఆవిడకు కాదు, నాకు. "అమ్మవారి ఆన కదమ్మా. పదడుగుల్లో ఎంగిలి ప్లేట్లు ఉండకూడదు."

"మీరు మాటిచ్చారు కదండీ! కొబ్బరికాయల కొట్టు అన్నారు, పాకకేం కాదన్నారు..."

"నేనిచ్చిన మాట పెద్దదా, అమ్మవారి మాట పెద్దదా? అది కూడా నీ నోటితోనే కదా వచ్చింది. ఊరంతా విన్నారు."

ఆవిడ నలుగురి వంకా చూసింది. మందుల కొట్టాయన సీసాలు సర్దుకుంటున్నాడు. బట్టల కొట్టాయన కొలబద్ద కోసం వెతుకుతున్నాడు, కొలబద్ద ఆయన చేతిలోనే ఉంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని విన్నాను గానీ, ఆ తెప్ప మీదే గుడి కట్టి హారతులిచ్చేవాళ్ళని అప్పుడే చూశాను. ఆవిడ నోరు విప్పి "అదంతా అబద్ధం" అనలేదు. అంటే దేవత పేరుతో నాటకమాడిందని ఊరే తంతుంది. ఆ సంగతి ఆ నలుగురికీ బాగా తెలుసు. మర్నాడు పాక పీకేశారు. కొబ్బరికాయల కొట్టు గున్నేశ్వరరావు గారి బావమరిదికి వచ్చింది.

నూకరత్నం అంట్లు తోమే పనికి కుదిరింది. కూతురి చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చిందని కొబ్బరికాయల కొట్టు దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఏడాది పాటు ఇటు రాలేదు. నా మీద నీళ్ళు పంతులు గారు పోస్తున్నారు, వెండి బిందెతో, మంత్రాలతో. రుద్దరు. ఆ పసుపు కింద దురద పెడుతుంది నాకు.

ఏడాది తిరిగి జాతర వచ్చింది. డప్పులు, లైట్లు, ఊరంతా అక్కడే. గున్నేశ్వరరావు గారు పట్టు పంచె కట్టి మైకు పట్టుకుని ఉన్నారు. ఉన్నట్టుండి జనం మధ్యలోంచి కేక వినిపించింది. నూకరత్నం! ఈసారి వేపమండ లేదు, జుట్టు విరబోయలేదు. మొహం మీద కన్నీళ్ళు కారిపోతున్నాయి, ఒళ్ళంతా వణికిపోతోంది. అది అమ్మవారో కాదో నాకు తెలియదు. కానీ మొదటిసారి వచ్చింది ఇది కాదని మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"నాకు పదడుగులొద్దు! మూడడుగులు చాలు, ఏడడుగులు వెనక్కిచ్చేయండి! నూకరత్నం పొయ్యి నా పక్కనుండాలి! దాని కూతురు చదువుకోవాలి! ఇవ్వండి!"

డప్పులు ఆగిపోయాయి. ముసలమ్మలు వంగి దణ్ణాలు పెట్టారు. "ఇచ్చేయండి బాబూ, తల్లి అడుగుతోంది" అన్నారెవరో. నేను ఊపిరి బిగపట్టుకున్నాను. రాయికి ఊపిరేంటంటారు. ఆ రోజు ఉంది.

గున్నేశ్వరరావు గారు మైకు నోటికి దగ్గరగా తెచ్చుకున్నారు. "అమ్మవారు ఎక్కడైనా ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటుందా? పేరు పెట్టి ఇడ్లీ కొట్టు అడుగుతుందా? ఇది దొంగపూనకం."

ఆయన అన్నాడు. ఆ మాట, ఆయన!

"నిజం పూనకమైతే అరచేతిలో కర్పూరం వెలిగించండి. అమ్మవారైతే కాలదు" అన్నారు. మా వైపు అదే పరీక్ష. పంతులు గారు కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించారు. నూకరత్నం కుడిచెయ్యి చాపి పట్టుకుంది. మంట లేచింది. ఆవిడ కదల్లేదు, కనురెప్ప వెయ్యలేదు. బిళ్ళ మొత్తం కాలి ఆరిపోయేదాకా అలాగే పట్టుకుంది. జనంలో గుసగుస మొదలై పెద్ద గోల అయింది. "తల్లీ! తల్లీ!" అంటున్నారు. అయిపోయింది, గెలిచింది అనుకున్నాను.

గున్నేశ్వరరావు గారు నవ్వారు. "అయ్యా, మీకు తెలియదు, నాకు తెలుసు. ఇరవయ్యేళ్ళు పొయ్యి మీద నుంచి ఇడ్లీలు వట్టి చేత్తో తీసిన చెయ్యి అది. రోజూ ఆ చేతి టిఫినే కదా నేను తిన్నది. దానికి కర్పూరం ఒక లెక్కా?"

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. అంతా ఆ చేతి తిండి తిన్నవాళ్ళే. ఆవిడ అరచెయ్యి మధ్యలో పెద్ద బొబ్బ లేచింది. నాకు కనిపిస్తూనే ఉంది. ఇంకెవరూ వంగి చూడలేదు. ఆవిడ ఒక్కసారి నా వంక చూసింది. నా వెండి కళ్ళు ఎటు చూడాలో అటే చూస్తున్నాయి. తొంభై ఏళ్ళు ఎండకీ వానకీ నోరు మూసుకుని కూర్చున్నందుకు ఎప్పుడూ బాధపడలేదు. ఆ పూట నోరుంటే గొంతు చించుకుని అరిచేవాణ్ణి. అరవలేదు. వాళ్ళెంతో నేనూ అంతే.

జనం పలచబడ్డాక జిలానీ సాయిబు గారు రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో కాలిన గాయాల మందు ట్యూబు ఉంది.

"చెల్లెమ్మా, నా కొట్టు సగం నీ నోటి మాటకే పోయింది" అన్నాడు. ఆవిడ తల దించుకుంది. "ఇంకో సగం మిగిలింది. ట్యూబులు వేలాడదీసే మూల ఖాళీ చేయిస్తాను, పొయ్యి పెట్టుకో. పొద్దున్నే టిఫిను లేక చచ్చిపోతున్నాం మా వైపు."

"మీకు నేను చేసిందానికి..."

"చేసింది చేశావు. పచ్చడిలో అల్లం ఎక్కువెయ్యి, సరిపోతుంది."

అప్పటి నుంచి ఎదురుగా, ఎనభై అడుగుల అవతల, పొద్దున్నే ఆవిరి లేస్తుంది. కూతురు చదువు పూర్తయి పెద్దాసుపత్రిలో చేరింది. అప్పుడప్పుడు యూనిఫారంతోనే వచ్చి గ్లాసులు కడుగుతుంది. నూకరత్నం ఎడమచేత్తో పళ్ళాలు తీస్తోంది, కుడిచెయ్యి పూర్తిగా ముడుచుకోదు. పదకొండేళ్ళలో ఇటువైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. తిట్టినా బాగుండేది.

కండక్టర్లు ఇప్పుడు "బాటమ్మ గుడి, బాటమ్మ గుడి" అని అరుస్తున్నారు. మొన్న తెల్లారగట్ల బస్సు దిగిన కొత్త మనిషి ఒకాయన ఆవిడ దగ్గర పెసరట్టు తింటూ నా వైపు చూపించి అడిగాడు, రోడ్డు మీద రద్దీ లేక మాటలు నాదాకా వినిపించాయి. "ఈ అమ్మవారు చాలా మహిమ గలదటగా? ఇంత ఎదురుగా ఉన్నారు, మీరు రోజూ దణ్ణం పెట్టుకుంటారా అండీ?"

"అది ఉట్టి రాయండి బాబూ" అంది నూకరత్నం. "ఇంకాస్త అల్లప్పచ్చడి వెయ్యమంటారా?"